దిబ్బ మీద నాటిన పేర్లు

గుండ్లపాడు దిబ్బకు పిల్లల్ని తీసుకుపోదామన్నది మహిమ టీచరే. డ్యాము కట్టినప్పుడు ఆ ఊరంతా కృష్ణా నది వెనక్కి తన్నిన నీళ్ళలో మునిగిపోయింది. సమాధులున్న మిట్ట ఒక్కటే దీవిలా పైన మిగిలింది. బతికినోళ్ళ ఇండ్లు పోయి చచ్చినోళ్ళ ఇండ్లు మిగలడమంటే ఇదే మరి! ఇప్పుడక్కడ కొంగలు గూళ్ళు కడతాయి. ఊరి చరిత్రా చెప్పొచ్చు, పక్షులకు చెట్లూ నాటొచ్చు అనుకుంది ఆమె.

ఉత్సాహంతో అనుకుందా అంటే, అదీ లేదు. రెండేళ్ళ కిందట ఆమె మొగుడు జయపాల్ బేతంచెర్ల నుంచి బండల లోడుతో వస్తూ వాగులో కొట్టుకుపోయాడు. లారీ దొరికింది, మనిషి దొరకలేదు. శవం లేదు కాబట్టి పెట్టె లేదు, ప్రార్థన లేదు, ఏడుపూ రాలేదు. కాలికి తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడండి, ఆమెకు ఒళ్ళంతా అట్లుంది. అన్నం తింటుంది, పాఠం చెప్తుంది, అంతే.

బోటు నడిపే ముసలాయన బొజ్జన్న. ఆ మునిగిన ఊరివాడే. పిల్లల్ని దించాడు గానీ తను దిగలేదు, బోటులోనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

పద్దెనిమిది మంది పిల్లలు. ఆరో తరగతి చదివే ఆమె కొడుకు యేసుప్రసాద్ కూడా వాళ్ళలో ఉన్నాడు. తలా ఒక గుంట తవ్వి, కానుగ మొక్క పెట్టి, మూడేసి పిడికిళ్ళ మట్టి పోశారు. పక్కన పుల్లకు కట్టిన రేకు గుచ్చారు.

"ఎవరి మొక్కకు వాళ్ళ పేరు రాయండి," అంది టీచరు. "పేరుంటేనే మనదనిపిస్తుంది."

నాచు వాసన, కొంగల రెట్ట వాసన. అంతసేపూ చెవులు పగిలేట్టు అరిచిన కొంగలు ఆఖరి పిడికిలి పడగానే గమ్మున ఊరుకున్నాయి. ఒక్కటీ ఎగరలేదు.

నాలుగింటికి పిలుద్దామని పైకొచ్చిన బొజ్జన్న ఆ రేకులు చూసి నిలబడిపోయాడు.

"టీచరమ్మా... ఇదేం పని చేసినారు?" గొంతు తగ్గించి అడిగాడు.

"మొక్కలు నాటినాం. ఏమైంది?"

"పేరు పెట్టి మన్నేసినారే! ఏట్లో పోయి శవం దొరకనోళ్ళకు మా ఊర్లో చేసేది ఇదేనమ్మా. గుంట తీసి, పేరు పెట్టి, మూడు పిడికిళ్ళు మన్నేస్తే... మనిషి యాడున్నా వచ్చి ఆడ పండుకుంటాడు."

"ఇవి బతికుండే పిల్లోళ్ళ పేర్లు కదా."

"అందుకే చెప్తాండా."

ఆమెకు భయం వేయలేదు. వేయాలని మాత్రం తెలుసు. పిల్లల్ని బోటెక్కించి, ఒక్కో రేకూ పీకుతూ పోయింది. పదిహేడు పీకింది. చివరిది, నీళ్ళ ఒడ్డున, యేసుప్రసాద్‌ది. దాని మీద వాడి వంకర అక్షరాలతో ఉంది... జయపాల్.

చెయ్యి చాచింది. ఆగింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పేరును వేలితో తడిమింది. "రాప్పా," అంది లోలోపల. "వచ్చి పండుకో. ఇంక చాలు."

"అన్నీ పీకినారా?" బొజ్జన్న కిందినుంచి అడిగాడు.

"పీకినా," అంది.

బోటు సగం దూరం వచ్చాక ఫోను మోగింది. ఇంటి దగ్గర నుంచి అత్త రాహేలమ్మ.

"మహిమా... జయపాల్ వచ్చినాడే."

మహిమ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"తడిసి ముద్దయినాడు. తల తుడుచుకోరా అంటే వద్దన్యాడు. మీరు యాడికి పోయినారని అడిగె. దిబ్బకు పోయినారని చెప్తి. నేనూ ఆడికే పోతాండా అన్యాడు."

"ఇంకేమన్యాడు అత్తా?"

"పిల్లోడు కూడా వస్తాడంట... తోడుంటాడంట. ఏందే ఆ మాట?"

ఫోను తెగిపోయింది. మహిమ మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

"నాయనా, రేకు మీద నాన్న పేరొక్కటే కదా రాసింది?"

"లేదుమా. ఎవరి పేరు వాళ్ళు రాయాలని నువ్వే అంటివి కదా. ఎనకవైపు నాది రాసినా."

"బోటు తిప్పు!" కేక వేసింది. తిమ్మిరి దిగిపోయింది... ఒళ్ళంతా ఒక్కసారి భగ్గుమంది. బొజ్జన్న ఆమె మొహం చూసి బోటు తిప్పాడు.

పొద్దు నీళ్ళ మీదికి వాలింది. "ఈడే కూర్చో. కదలొద్దు," అని కొడుకుతో చెప్పి, "వీన్ని పట్టుకో పెద్దాయనా," అని దిబ్బ మీదికి పరుగెత్తింది.

రేకు అట్లే ఉంది. రెండు చేతులా పీకింది. రెండు పేర్లనూ కొంగుతో తుడిచింది. గోళ్ళతో గీకింది. పోలేదు.

అప్పుడు చూసింది. మొక్క పక్కన ఇంకో గుంట. పొట్టిది. తవ్విన మన్ను ఒడ్డున కుప్ప పోసి ఉంది... తడి మన్ను.

కింద బొజ్జన్న అరుస్తున్నాడు. "టీచరమ్మా! పిల్లోడు... పిల్లోడు యాడ?"

ఆమె తల తిప్పింది. గుంటకు అవతల ఒడ్డున యేసుప్రసాద్ నిలబడి, పండుకోడానికి చాప మీదికి పోయే ముందు విప్పినట్టు, నెమ్మదిగా చెప్పులు విప్పుతున్నాడు.

వాటి పక్కన అప్పటికే ఇంకో జత ఉంది. పెద్దవి. నీళ్ళు కారుతున్నాయి.