మూడో మెసేజ్ రాలేదు

ఎప్పుడూ పైకి అనని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. రణజయ్‌కి నేను ఆ మెసేజ్ పెట్టింది పరిచయం కోసం కాదు. వాడు చావాలని.

శోభాబజార్‌లో మా మేడమీద గదికి ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే గంగ ఒడ్డున ఘాట్ మెట్లు కనబడతాయి. కిందటి వానాకాలం మా అక్క, టుకున్ దీదీ, ఆ మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కలేదు. అంతకు ముందే రణజయ్, దీదీ తనని నమ్మి పంపిన ఫోటోలన్నీ ఆమె ఆఫీసులో వాళ్ళందరికీ పంపించాడు. కాలు జారిందన్నారు అందరూ. ఎవరి కాలు, ఎక్కడ జారిందో నాకు తెలుసు. వాడు మాత్రం డేటింగ్ యాప్‌లో కొత్త ఫోటో పెట్టుకున్నాడు. చేతిలో మట్టి కప్పుతో టీ, మొహం నిండా మంచితనం.

మొదటి మెసేజ్ ఎలా రాయాలో నాకెవరూ నేర్పలేదు. మా వీధి కుర్రాళ్ళకు రాసిపెట్టి, వాళ్ళు కొనిచ్చిన ఎగ్ రోల్స్ తింటూ నేర్చుకున్నా. హాయ్ అంటే ఎవరూ పలకరు. అందంగా ఉన్నావంటే అసలే పలకరు. ఫోటోలో మిగతావాళ్ళు చూడని మూల ఒకటి పట్టుకోవాలి. దాని మీద చిన్న ప్రశ్న అడగాలి, జవాబు చెప్పకుండా ఉండలేనిది. పేరు పెట్టి పిలవాలి, ఒక్కసారే. అవతలివాళ్ళు పలికేదాకా రెండోది మాత్రం పెట్టకూడదు. ఆత్రం తెలిసిపోతుంది.

ఆ సాయంత్రం ఇళ్ళల్లో శంఖాలు ఊదుతున్నారు. మా నాన్నమ్మ, ఠాకుమా, మంచం మీద కూర్చుని మరమరాల్లో ఆవనూనె కలుపుతోంది.

"ఎవరికే బుల్టీ, ఇంతసేపు గాలం కడుతున్నావ్?"

"చేపకి."

"నీ మొహం చూస్తే చేపకి కట్టినట్టు లేదే. పాముకి పాలు పోస్తున్నట్టుంది."

దొంగపేరుతో ఒక ప్రొఫైల్ తెరిచి, అటు తిరిగి నిలబడ్డ ఎవరో అమ్మాయి ఫోటో పెట్టాను. మాటల్లోకి దింపాలి, ప్రేమలోకి దింపాలి, ఆఖరికి ఆ మెట్లు దింపాలి. అంతే నా ఆలోచన. రాశాను.

"రణజయ్, ఆ కప్పు అంచు విరిగింది. పెదవి తెగలేదా?"

వాడు చూశాడు. పలకలేదు.

ఇంతలో కాలవైశాఖి, వేసవి తుఫాను గాలి, లేచింది. తలుపులు కొట్టుకున్నాయి. కరెంటు పోయింది.

"చీకట్లో ఎవరు పిలిచినా పలక్కు," అంది ఠాకుమా పడుకుంటూ. "నిశి దయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మనకి కావలసినవాళ్ళ గొంతుతో. పలికితే వెంట తీసుకుపోతుంది. మూడోసారి కూడా పిలిస్తేనే మనిషని లెక్క."

"పుట్టినప్పట్నుంచీ చెబుతూనే ఉన్నావ్."

"మా రోజుల్లో పాపం గుమ్మం దాకా నడిచి రావాల్సొచ్చేది. ఇప్పుడు దానికీ సుఖమే, ఫోనుంది."

కాసేపటికి ఆమె గురక మొదలైంది. వాన ఇంకా పడలేదు. అయినా గదిలోకి తడి వాసన వస్తోంది. వాన వాసన కాదు... నది అడుగున ఉండే బురద వాసన. అందులో కలిసిపోయి కొబ్బరినూనె... దీదీ జడ వాసన.

ఫోను వెలిగింది.

నా మెసేజ్ కింద ఇంకోటి ఉంది. నా వైపునుంచే వెళ్ళింది. నేను పెట్టలేదు. అది గొంతు మెసేజ్. చెవికి ఆనించుకున్నా. రాతిమెట్లకు నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. ఆ వెనక...

"రణజయ్."

దీదీ గొంతు.

నేను పిలిచింది ఒకటి. ఇది రెండు.

వాడు ఏదో టైపు చేస్తున్నాడు. ఆగాడు. మళ్ళీ మొదలెట్టాడు.

"టుకున్?"

అది ఇంట్లో పిలుచుకునే పేరు. బయటివాళ్ళలో దీదీ వాడికొక్కడికే చెప్పింది.

"ఆ మెట్ల దగ్గరే ఉన్నావా?" వెంటనే ఇంకోటి. "వస్తున్నా."

రెండో పిలుపుకే పలికేశాడు. వాళ్ళింట్లో మా ఠాకుమాలాంటి మనిషి లేదేమో.

వాడిల్లు ఘాట్‌కి రెండు వీధుల అవతలే. వాడి నంబరు నా దగ్గరుంది. ఒక్క ఫోను చేస్తే ఆగిపోయేవాడు. చేయలేదు. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డా.

మెరుపు. పై మెట్టు మీద తెల్లచొక్కా.

మెరుపు. నడిమి మెట్టు. పక్కన ఎవరో ఉన్నట్టు తల వంచి వింటున్నాడు.

మెరుపు... మెట్లు ఖాళీ.

నాకు భయం వేయలేదు. కడుపు చల్లబడింది. అదీ ఇక్కడే రాస్తున్నా.

అప్పుడొచ్చింది, నేనడిగిన మొదటి ప్రశ్నకు జవాబు.

"తెగింది."

దాని కిందే ఇంకోటి.

"బుల్టీ, ఆ కిటికీ ఊచలు తుప్పు పట్టాయి. చేతికి అంటలేదా?"

వాడికి నేనెవరో తెలీదు. నా పేరు తెలీదు. అరచెయ్యి తిప్పి ఫోను వెలుగులో చూసుకున్నా. ఎర్రగా ఉంది.

మంచి ప్రశ్న. జవాబు చెప్పకుండా ఉండలేనిది. నా వేలు అక్షరాల మీదికి దానంతటదే వెళ్ళింది... రెండో చేత్తో పట్టి ఆపుకున్నా.

తర్వాత గొంతు వచ్చింది. వాడిదే. నోట్లో నీళ్ళు పెట్టుకుని మాట్లాడుతున్నట్టు.

"బుల్టీ."

రెండు.

మూడో పిలుపు కోసం చూస్తున్నా. వాన కురిసి వెలిసింది. ఇదంతా రాయడం కూడా అయింది. మూడోది రాలేదు. బతికున్న రణజయ్ అయితే పది పెట్టేవాడు, వాడికి సిగ్గెక్కడిది. చావాలని కోరుకున్నవాణ్ణి ఇప్పుడు బతికుండమని మొక్కుతున్నా. వాడి కోసం కాదు, మిగతా ఆడపిల్లల కోసం. చచ్చాక కూడా వాడికి మొదటి మెసేజ్ రాయడం వచ్చని, ఈ ఊళ్ళో ఏ పిల్లకూ తెలీదు.

ఇన్నాళ్ళూ నొక్కని ఆ నంబరు తీశాను. ఫోను చేస్తాను. ఎత్తి బూతులు తిట్టినా చాలు.

వేలు ఇంకా ఫోను తెర మీద ఆన్చలేదు.

కింద మా ఇంటి మెట్ల దగ్గర ఫోను మోగుతోంది.