చల్లటి ఇంజను

ఇటలీ గూఢచారి శాఖ బొలోన్యా ఆఫీసులో కర్నల్ ఇచ్చిన ఆదేశం చిన్నదే. "ఒక పాత కారు కొనాలి. బేరం చెడిందంటే క్షిపణి సెన్సార్ సరిహద్దు దాటేసినట్టే."

ఏజెంట్ ఇవానో రిగీకి ముందు అర్థం కాలేదు. తర్వాత విషయం తేలింది. డ్రెస్లర్ అనే విదేశీ ముఠా నాయకుడు ఆ సెన్సార్ని ఒక లాబొరేటరీ నుంచి కాజేయించాడు. కార్ల తయారీకి పేరుపడ్డ మోదెనా ఊళ్లో సర్వీసింగుకి వచ్చిన ఓ పసుపు సూపర్ కారులో, సీట్లకీ వాటి వెనక ఉండే ఇంజనుకీ మధ్య దాన్ని దాచాడు. పాపం, యజమానికి ఆ సంగతే తెలియదు. ఇప్పుడు ఆ కారుని దర్జాగా కొని, లారీ ఎక్కించి దేశం దాటించాలని ముఠా పథకం. పోలీసులు జప్తు చేస్తే డ్రెస్లర్ మాయమైపోతాడు. వేరేవాళ్లు కొన్నారంటే మాత్రం తనే కలుగులోంచి బయటికొస్తాడు. ముఠాలో మన మనిషి ఒకరున్నారని, పేరు మాత్రం అడగొద్దని కర్నల్ ముగించాడు.

యజమాని ఒత్తావియో జనాసి, ఈమధ్యే భార్యని పోగొట్టుకున్న ముసలాయన. ఇవానో ఖరీదైన కోటు తగిలించుకుని వెళ్లి, పోయిన తన తండ్రికి ఇలాంటి కారంటే ప్రాణమని చెప్పాడు. ముసలాయన కళ్లు చెమర్చాయి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అబద్ధాలతోనే పొట్టపోసుకుంటున్న ఇవానో, ఆ కళ్లకేసి చూడలేక కోటు బొత్తాలు సర్దుకున్నాడు.

అంతలో ఎర్ర ఓవర్‌కోటులో మిరెల్లా దిగింది. ముఠా తరఫున వచ్చిన అందగత్తె, యాస వింటే మోదెనాలోనే పుట్టి పెరిగిన మనిషి. వస్తూనే రెట్టింపు ధర చెప్పింది.

జనాసి ధర గురించి మాట్లాడలేదు. ఇద్దరికీ వేడివేడి మాంసం రసంలో చిట్టి కజ్జికాయల్లాంటి తోర్తెల్లీనీ వడ్డించి, తిన్నాక షెడ్డుకి తీసుకెళ్లి, స్టార్ట్ చేసి చూడమంటూ కారు తాళం ముందు మిరెల్లా చేతికిచ్చాడు.

ఇంజను అందుకోగానే ఆమె యాక్సిలరేటర్ని నేలకంటా తొక్కింది. రేకులు అదిరాయి. ముసలాయన మొహం మాడిపోయింది. తనే ఇంజను ఆపేశాడు.

"నువ్వు బంగారం పోసినా నీకు అమ్మనమ్మాయ్."

ఇవానో వంతు వచ్చింది. స్టార్ట్ చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జనాసి వచ్చి పక్క సీట్లో చేరాడు.

"ఆయిల్ వేడెక్కేదాకా నేనూ మా ఆవిడ ఆర్జియా ఇలాగే కూర్చునేవాళ్లం. ఇల్లు, పిల్లలు, తగాదాలు, మేం మనసువిప్పి మాట్లాడుకున్నదంతా ఇందులోనే. చల్లటి ఇంజనుని తొక్కితే పగిలిపోతుంది, అలా తొక్కనని మాటివ్వు అబ్బాయ్."

ఇవానో మాటిచ్చాడు. బయట మిరెల్లా తలెగరేసి వెళ్లిపోతుంటే అతనికి తట్టింది. మోదెనాలో పుట్టినవాళ్లు చల్లటి ఇంజనుని పొరపాటున కూడా అలా తొక్కరు. ఆమె కావాలనే తన బేరం చెడగొట్టుకుంది. కర్నల్ చెప్పిన మనిషి ఈమే.

మర్నాడు పొద్దున, మంచు ఇంకా విడవకముందే, కాగితాల మీద సంతకాలయ్యాయి. జనాసి తాళం అందించేలోగా డ్రెస్లర్ పిస్తోలుతో షెడ్డులోకి వచ్చాడు. వెనకే మిరెల్లా. గేటు బయట అతని లారీ అడ్డం తిరుగుతోంది.

మిరెల్లా అతని మోచేతిని పైకి కొట్టింది. గుండు రేకుల్లోంచి పోయింది. ఆమె ముసలాయన్ని పట్టుకుని నేలమీదికి పడింది. ఇవానో తాళం లాక్కుని సీట్లోకి దూకాడు. వేడెక్కే వ్యవధి లేదు. కళ్లు మూసుకుని నేలకంటా తొక్కాడు. లారీకీ గేటు స్తంభానికీ మధ్య మిగిలిన సందులోంచి, ఆఖరి క్షణంలో, పసుపు కారు బయటపడింది. వెంటపడ్డ డ్రెస్లర్ వంతెన దగ్గర కాచుకున్న పోలీసుల చేతికి చిక్కాడు. సెన్సార్ భద్రంగా దొరికింది. ఇంజను మాత్రం వీపు వెనకే ఫటేల్మని పగిలిపోయింది. ఆ చప్పుడు అతని వెన్నులోంచి పోలేదు.

కర్నల్ అభినందనలు చెవికెక్కలేదు. సాయంత్రం ఇవానో మామూలు కోటులో జనాసి ఇంటికి వెళ్లి నిజమంతా కక్కేశాడు. తన తండ్రి జీవితమంతా సైకిలే తొక్కాడని కూడా చెప్పాడు.

"మాట తప్పానండి. దేశం కోసమేనని సర్దిచెప్పుకుందామన్నా మనసు ఒప్పుకోవడంలేదు."

జనాసి వెళ్లి ఖాళీ షెడ్డు తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ ఎర్రకోటు అమ్మాయి కూడా మీ మనిషేనా?"

"అవునండి."

"అంటే మీ ఆఫీసు మొత్తంలో," ముసలాయన లేచి రసం పొయ్యి మీద పెట్టాడు, "ఆయిల్ వేడెక్కేదాకా ఆగేవాడు ఒక్కడూ లేడన్నమాట."