ట్రెడ్‌మిల్ రొద

ఫెలిసిడాడ్ పొద్దున్నే వెల్లుల్లి వేసి రాత్రి మిగిలిన అన్నం వేయిస్తోంది. ముందుగదిలో ఆమె భర్త సెవెరినో ట్రెడ్‌మిల్ మీద నడక అప్పుడే మొదలుపెట్టాడు. రోడ్డురోలరు ఇంట్లోకి వచ్చినట్టు ఒకటే రొద. గోడకున్న మరియమాత పటం కూడా అదురుతోంది.

"గుడ్డు వెయ్యనా, ఎండుచేప వేయించనా?" వంటగదిలోంచే అడిగింది.

జవాబు లేదు. ఆమె మళ్లీ అడగకుండా చేపలే మూకుట్లో వేసింది. జవాబు రాలేదని బాధపడటం ఆమె ఎప్పుడో మానేసింది.

సెవెరినో జీవితమంతా సరుకు ఓడల ఇంజను గదుల్లోనే గడిచింది. పోయినేడు "ఇక సముద్రం చాలు" అంటూ పెట్టె సర్దుకుని ఇలోయిలో అనే సొంతూరికి వచ్చేశాడు. ఆయన కోసం ఏళ్లతరబడి దాచుకున్న కబుర్లన్నీ ఫెలిసిడాడ్ మొదట్లో పూస గుచ్చినట్టు చెప్పింది. చావు కబురుకీ, పెళ్లి కబురుకీ ఆయన ఒకేలా తలాడించాడు. దాంతో ఆమెకి చెప్పాలన్న ఆశే చచ్చిపోయింది. ఇప్పుడు ఆమెకి కోపం లేదు, దుఃఖం లేదు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలులా మనసు తిమ్మిరెక్కిపోయింది.

కూతురు జోవెలిన్ కళ్లు నులుముకుంటూ గదిలోంచి వచ్చింది. కాల్ సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, అంతకు కాసేపటి ముందే పడుకుంది.

"అమ్మా, ఈ రొదలో నిద్ర నావల్ల కాదు. నా స్నేహితురాలి గదికి వెళ్లిపోతున్నా. నెలాఖరుకి సామాను తీసుకెళ్తా."

"సరే" అంది ఫెలిసిడాడ్.

"సరేనా? కన్నకూతురు ఇల్లు వదిలి పోతానంటే సరేనా? ఇంట్లో మీరిద్దరూ రాళ్లయిపోయారమ్మా! ఊళ్లో ఎవరి పడవ ఆగిపోయినా నాన్న పరిగెత్తుతాడు. ఇంట్లో ఈ ట్రెడ్‌మిల్ మోటారు బాగుచెయ్యడానికి మాత్రం చేతులు రావు!"

ఫెలిసిడాడ్ పొయ్యి ఆర్పింది. ముందుగదిలోకి నడిచి, గోడలోంచి ప్లగ్గు పీకేసింది. పట్టా ఆగిపోవడంతో సెవెరినో తూలి, కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

ఆమె ఆయన ఎదురుగా నిలబడింది. "పిల్ల ఇల్లు వదిలి పోతానంటోంది. నువ్వు ఓడ మీద ఉన్నప్పుడే నయం, దూరంగా ఉన్నావని సరిపెట్టుకునేదాన్ని. ఇంత దగ్గరుండి పలకకపోతే నేనేమనుకోవాలి? దీన్ని బాగుచేస్తావా, వీధిలో పారెయ్యనా?"

సెవెరినో ఆమె పెదవుల వంకే చూశాడు. పనిముట్ల పెట్టె తెచ్చి ముందుమూత విప్పాడు. లోపల బూజూ జుట్టూ ఉండలు కట్టాయి. వాటిని దులిపి, మోటారు ఊడదీసి, అరిగిపోయిన బేరింగు చూపించాడు. బజారుకి వెళ్లి కొత్తది తెచ్చి బిగించాడు. మధ్యాహ్నానికి మూత పెట్టి, "ఇప్పుడు వేసి చూడమ్మా" అన్నాడు కూతురితో.

జోవెలిన్ ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. పాత బొంగురు రొద నిజంగానే పోయింది. కానీ దాని చోట పళ్లు జివ్వుమనేలా సన్నటి కీచు మొదలైంది. ఆమె రెండు చెవులూ మూసుకుంది.

సెవెరినో నుదుటి చెమట తుడుచుకుని, చాలాకాలానికి నవ్వాడు. "చూశారా? ఎంత మెత్తగా తిరుగుతోందో! చప్పుడే లేదు."

"నాన్నా, వేళాకోళమా? చెవులు—"

ఫెలిసిడాడ్ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెళ్లి మెషీను ఆపింది. భర్త వెనక్కి వెళ్లి నిలబడి మామూలు గొంతుతో పిలిచింది.

"సెవెరినో."

ఆయన నేలమీద కూర్చుని స్క్రూడ్రైవరు పెట్టెలో సర్దుతున్నాడు.

"సెవెరినో, నేను చచ్చిపోయాను."

ఆయన ఒక గుడ్డ తీసుకుని తీరిగ్గా చేతులు తుడుచుకుంటున్నాడు.

జోవెలిన్ నోటిమీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడింది. ఫెలిసిడాడ్ భర్త ముందుకొచ్చి నేలమీద మోకాళ్లూని కూర్చుంది. "ఎన్నాళ్ల నుంచి?" అంది మెల్లగా, పెదవులు కనబడేలా.

ఆయన ముఖంలో నవ్వు మాయమైంది.

"పోయినేడు ఓడ ఎక్కేముందు చేసే చెవుల పరీక్షలో తప్పాను. సముద్రం చాలనుకున్నది నేను కాదు ఫెలీ. మీ ఆడవాళ్ల గొంతులైతే నీళ్లలోంచి వచ్చినట్టుంటాయి. ఈ మోటారు రొద ఒక్కటే నాకు బాగా వినిపించేది. అదీ పోతే ఇల్లంతా... ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి. చెవిటివాణ్ణని మీతో ఎలా చెప్పను?"

"నీకు నామీద మనసు విరిగిందనుకున్నాను. పిచ్చివాడా, దానికంటే చెవుడే నయం కదా!"

ఆ మాటతో ఆమె లోపల ఏదో తెగింది. తల్లి పోయినప్పుడు కూడా రాని ఏడుపు వెక్కిళ్లు వెక్కిళ్లుగా వచ్చింది. సెవెరినో కంగారుగా నూనె మరకలు పోని చేతులతోనే ఆమెని దగ్గరికి తీసుకున్నాడు. జోవెలిన్ వచ్చి ఇద్దరి మధ్యా తల దూర్చింది. "రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా" అని ఆయన ముఖంలోకి చూస్తూ ఒక్కొక్క మాటే చెప్పింది. ఆయన తలూపాడు. ఈసారి ఆ తలూపడానికి అర్థం ఉంది.

"ఇంకా చప్పుడు వస్తోందా?" కాసేపటికి ఆయనే అడిగాడు. "సన్నటి కీచు" అంది ఫెలిసిడాడ్, పెదవులు కనబడేలా. "అయితే మోటారులో రాసుకుంటూ తిరిగే కార్బన్ బ్రష్షులు సరిగ్గా కూర్చోలేదు."

మూత మళ్లీ విప్పాడు. మోటారు మెల్లగా తిరుగుతుంటే ఆయన సర్దడం, ఆమె విని తల అడ్డంగా ఊపడం. మళ్లీ సర్దడం, మళ్లీ వినడం. చివరికి కీచు ఆగిపోయింది. ఫెలిసిడాడ్ ఇక చాలన్నట్టు చెయ్యి ఎత్తింది.

"నిజంగానా?" అన్నాడు ఆయన, ఆమె కళ్లలోకి చూస్తూ.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆమె ఆయన చెయ్యి తీసుకుని తన గొంతు మీద ఆనించుకుని, మాట అదురు ఆయనకి తెలిసేలా "నిజంగా" అంది.