మొద్దు ప్రశ్నలు

“నువ్వే! ఇదంతా నువ్వే చేశావ్! నా మీద కక్షకొద్దీ పాఠాలన్నీ పాడుచేసి, ఏమీ ఎరగనట్టు గిన్నెలు తుడుచుకుంటున్నావా?”

భర్త విసిరిన హెడ్‌ఫోన్స్ భోజనాల బల్లకి తగిలి ఆమె కాళ్ళ దగ్గర పడ్డాయి. ఆమె చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా కుర్చీలో ఆడపడుచు కాఫీ తాగుతోంది. కిటికీ పక్కన అత్తగారు మోకాలికి మందు రాసుకుంటోంది. బడికి సెలవు కావడంతో కూతురు కూడా అక్కడే, సోఫాలో పుస్తకం తెరుచుకుని కూర్చుంది. పొద్దున్నే ఇంతమంది ముందు ఎంత మాట!

“నేనేం చేశానండీ?” అంది ఆమె.

“ఏం చేశానని నన్నడుగుతున్నావా? శిక్షణ సంస్థ డైరెక్టరు ఇప్పుడే ఫోన్ చేసి నన్ను ఉతికి ఆరేశాడు! మన పాఠాలు చూసి వాళ్ళ విద్యార్థులు ఆట తయారుచేస్తే ఒక్కరిదీ పనిచేయడం లేదట. బొమ్మని నేల మీద నిలబెడితే నేలలోంచి కిందకి పడిపోతోందట! మార్చిన అంకెలు మాయమైపోతున్నాయట! నేను మోసగాణ్ణట... నాకు పని రాదట! అంత శుభ్రంగా చేసి ఇచ్చాను. ఈ ఇంట్లో నువ్వు కాక నా కంప్యూటర్ ముట్టుకునేదెవరు?”

“అంతేలేరా తమ్ముడూ,” ఆడపడుచు కప్పు కింద పెట్టింది. “తనని పక్కన పెట్టావని కడుపులో మంట ఉండదూ? ఆ మంట ఇలా చల్లార్చుకుంది.”

అగ్గికి ఆజ్యం పోయడంలో ఆవిడకి ఆవిడే సాటి. అప్పుడప్పుడూ చుట్టపుచూపుగా వచ్చినా, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అంటించి వెళ్ళకపోతే ఆవిడకి ప్రయాణం బడలిక తీరదు!

సంగతేమిటో చెప్పుకోవాలి. కంప్యూటర్‌లో ఆటలు తయారుచేయడానికి ఒక సాఫ్ట్‌వేరు ఉంటుంది. గేమ్ ఇంజిన్ అంటారు. దాన్ని ఎలా వాడాలో నేర్పే వీడియోలు చేసి ఈ మొగుడూ పెళ్ళాలు ఏళ్ళ తరబడి ఇంటర్నెట్లో పెడుతున్నారు. పడకగదే వాళ్ళ స్టూడియో. బయటి చప్పుడు రాకుండా కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాను కూడా ఆపేసి, ఒకే మైకు ముందు చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళు. అతను మౌస్ పట్టుకుని చేసి చూపిస్తూ చెప్పేవాడు. ఆమె పక్కన కూర్చుని మధ్యమధ్యలో సందేహాలు అడిగేది. “ఏమండీ, ఆగండాగండి... అక్కడ ఏదో టిక్ పెట్టాలా, అక్కర్లేదా? నాకు అర్థం కాలేదు” అనేది. “ఓ, అదా... పెట్టాలి పెట్టాలి!” అంటూ అతను పెట్టేవాడు.

చూసేవాళ్ళు అతన్ని మాస్టారు అనేవాళ్ళు. ఆమెకి పెట్టిన పేరు డౌటక్క! కొందరు ప్రేమగానే పిలిచేవాళ్ళు. మిగతావాళ్ళ సంగతి అడక్కండి. “డౌటక్క బుర్ర ఎక్కడ పెట్టి మర్చిపోయింది?” అని ఒకడు, “ఈ మొద్దుతో కాపురం చేస్తున్నందుకు మాస్టారికి దండం పెట్టాలి” అని ఇంకొకడు వీడియోల కింద రాసేవాళ్ళు. భర్త అవి చదివి పడీపడీ నవ్వేవాడు. ఆమెని పిలిచి మరీ వినిపించేవాడు! ఆమె కూడా నవ్వేది... నవ్వక ఏం చేస్తుంది?

ఈమధ్య ఒక శిక్షణ సంస్థ ఆ పాఠాలు తమ విద్యార్థులకి కావాలంది. అప్పుడు కూడా ఆడపడుచు ఇక్కడే ఉంది. “ఆ మొద్దు ప్రశ్నలు తీసిపారేయరా, చదువుకున్న పిల్లలు నవ్విపోతారు” అని సలహా ఇచ్చింది. తమ్ముడుగారికి అది వేదవాక్కు. వారం తిరక్కుండా ప్రతి పాఠంలోంచీ భార్య గొంతు కోసేశాడు. ప్రశ్న ఉన్న ముక్క, దానికి తను ఇచ్చిన జవాబు ముక్క, రెండూ తీసేసి అతికించాడు. అడిగాడా? లేదు! అంతా అయ్యాక, సబ్బు అయిపోయిందని చెప్పినంత తేలిగ్గా, “నీ మాటలు తీసేశాను, ఇప్పుడు ఎంత బాగుందో” అన్నాడు. కూరలో కరివేపాకుని కూడా కనీసం తినేముందు చూసి ఏరతారు. ఆమెని చూడనైనా చూడలేదు.

ఆమె ఆ రోజు ఏమీ అనలేదు. ఈ రోజు మాత్రం గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడుకి అత్తగారు తలెత్తి చూసింది.

“ఆ పాఠాల జోలికి నేను వెళ్ళలేదు. కోయకముందు పాఠం మీ దగ్గర ఉంటుందిగా? పెట్టండి. ఇక్కడే, టీవీలో పెట్టండి. అందరం చూద్దాం.”

“పెడతాను! నాకేం భయమా? నువ్వు చేసిన నిర్వాకం అందరి ముందే బయటపెడతాను!”

అతను లాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించాడు. మొదటి పాఠం మొదలైంది. తెరమీద పచ్చటి నేల, దానిమీద చిన్న బొమ్మ. “ఇప్పుడు మన బొమ్మ నిలబడుతుంది చూడండి” అంటోంది అతని గొంతు ధీమాగా. వెంటనే ఆమె గొంతు వినిపించింది. “ఏమండీ, ఆగండాగండి. నేలకి ఏదో తగిలించాలన్నారే, కొలైడరో ఏదో... అది లేకపోతే బొమ్మ ఆగుతుందా? నాకు అర్థం కాలేదు.” “ఆ... అదే చెప్పబోతున్నాను. ఒక వస్తువు ఇంకోదానికి తగిలి ఆగాలంటే కొలైడర్ ఉండాలి” అంటూ అతను దాన్ని తగిలించాడు. బొమ్మ బుద్ధిగా నేల మీద నిలబడింది.

“ఇప్పుడు మీరు శుభ్రం చేసింది పెట్టండి” అంది ఆమె.

పెట్టాడు. ప్రశ్న లేదు, జవాబు లేదు. కొలైడర్ తగిలించడమే లేదు! పాఠం మటుకు ఏమీ జరగనట్టు ముందుకి సాగిపోయింది.

“ఏదో ఒకచోట అలా జరిగుంటుంది...” భర్త గొంతు తగ్గింది.

“ఇంకోటి పెట్టండి.”

ఇంకో పాఠంలో అతను ఆట నడుస్తుండగానే బొమ్మ వేగం అంకె మార్చేస్తున్నాడు. ఆట ఆపగానే ఆ మార్పు పోతుంది. ఆ ఇంజిన్‌లో కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు అది, ఇతను మాత్రం ఏళ్ళుగా చేస్తూనే ఉన్నాడు. “ఏమండీ, ఆట ఆపేశాక కూడా ఆ అంకె అలాగే ఉంటుందా?” అంది డౌటక్క అమాయకంగా. “ఉండదు, అందుకే ముందు ఆట ఆపి, అప్పుడు మార్చాలి” అన్నాడు మాస్టారు, తనకి ముందే తెలిసినట్టు!

మూడో పాఠం పెట్టమని ఆమె అడగలేదు. అతనే పెట్టుకున్నాడు. తరవాత ఇంకోటి. ఎక్కడ చూసినా అదే వరస. అతను మర్చిపోయిన చోటే ఆమెకి సందేహం వచ్చింది! అతను గాబరాగా వీడియోని ముందుకీ వెనక్కీ జరుపుతున్న కొద్దీ ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

“అంటే... నీకు... ఇదంతా తెలుసా?”

“తెలుసా అని ఇప్పుడు అడుగుతున్నారా!” ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పెట్టుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. “పెళ్లికి ముందు నేను బళ్ళో లెక్కల టీచర్ని! ఆ సంగతి మీకు గుర్తుందా? రోజూ మీ పక్కన కూర్చుంటే గోడకైనా వస్తుంది, నాకు రాదా? మీరు పడుకున్నప్పుడు, బజారుకి వెళ్ళినప్పుడు కూర్చుని మొత్తం నేర్చుకున్నాను. నాకు ఏ సందేహమూ లేదు... ఏనాడో పోయాయి నా సందేహాలు!”

“మరి నోరు విప్పి చెప్పొచ్చుగా? ‘ఇక్కడ మర్చిపోయారు’ అంటే సరిపోయేదిగా!”

“చెప్పాను! ఒకే ఒక్కసారి చెప్పాను! ‘అక్కడ తప్పు చేశారండీ’ అన్నాను, రికార్డింగ్ అవుతుండగా. ఇదే హెడ్‌ఫోన్స్... ఇలాగే విసిరికొట్టారు! ‘పదిమందిలో నా పరువు తీస్తావా’ అని ఎన్ని రోజులు నాతో మాట్లాడలేదో మీకు గుర్తు లేకపోవచ్చు, నాకుంది. ఆ రోజు నుంచి చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. మీ పరువు నిలబడాలని నేను మొద్దునయ్యాను! ముక్కూ మొహం తెలియని వాళ్ళు నన్ను బుర్రలేనిదంటుంటే మీరు పొట్ట పట్టుకుని నవ్వారు. సరే, పోనీ అనుకున్నాను. చివరికి ఆ మొద్దుతనం కూడా మీకు అడ్డమైపోయిందా? నా గొంతు కోసి చెత్తబుట్టలో వేసి, ఇప్పుడు పాఠం పాడైతే దొంగ కూడా నేనేనా!”

“చాల్లే, సంబడం! మొగుడి తప్పులెంచి ఇంత రాద్ధాంతం...” అంటూ ఆడపడుచు లేవబోయింది.

“నువ్వు నోర్ముయ్!” అంది అత్తగారు. గదిలో ఎవరూ ఊహించని గొంతు అది. “వాడికి ఆ సలహా ఇచ్చింది నువ్వు కాదూ? నీ మూలంగానే కదే ఇదంతా!” ఆవిడ మోకాలు పట్టుకుని లేచి కొడుకు ముందుకి వచ్చింది. “ఒరేయ్, మీ నాన్న ఏ ఊరు తీసుకెళ్ళినా దారి తప్పేవారు. నాకు దారి తెలిసేది. తెలిసినా చెప్పేదాన్ని కాదు. ‘కాళ్ళు లాగుతున్నాయండీ, ఎవర్నైనా అడుగుదాం’ అనేదాన్ని. ‘నీతో ఎక్కడికీ రాలేం, నీకు బొత్తిగా ఓపిక లేదు’ అని అందరి ముందూ విసుక్కునేవారు. ఆయన పోయేదాకా ఆయనకి ఆ సంగతి తెలీదు. అదేదో గొప్ప పని చేశాననుకున్నాను ఇన్నాళ్ళూ... ఇప్పుడు ఈ పిల్లని చూస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది!”

ఆమెకి కళ్ళలో నీళ్ళు ఉబికాయి. కానీ ఆమెని నిజంగా ఏడిపించిన మాట ఆ తరవాత వచ్చింది. సోఫాలోంచి కూతురు లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ పిల్ల ముఖం కందగడ్డలా ఉంది.

“అయితే నాకెందుకు అబద్ధం చెప్పావమ్మా?”

“ఏం... ఏం అబద్ధమే?”

“బళ్ళో అందరూ నన్ను డౌటక్క కూతురు, డౌటక్క కూతురు అని ఏడిపించారు. మా అమ్మకి అన్నీ తెలుసు, ఊరికే అడుగుతుందని నేను పోట్లాడాను. ఇంటికొచ్చి నిన్ను అడిగాను, నీకు నిజంగా తెలీదా అమ్మా అని. నువ్వు తెలీదన్నావ్! నాన్న పక్కనే ఉన్నాడని కదూ? ఆయన కోసం నాకు అబద్ధం చెప్పావ్! నేను మర్నాడు వెళ్ళి వాళ్ళందరికీ, మీరు చెప్పిందే నిజం అని చెప్పాను...” పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

ఊరివాళ్ళన్న మాటలు ఆమె దులిపేసుకుంది. భర్త నవ్విన నవ్వులు దిగమింగింది. కానీ కడుపున పుట్టిన బిడ్డ తలదించుకుని, మా అమ్మ మొద్దే అని ఒప్పుకుని వచ్చిందంటే... ఏ తల్లి తట్టుకుంటుంది? ఆమె కూతుర్ని గుండెకి హత్తుకుంది. “తప్పు చేశాను తల్లీ. నీ దగ్గర చెప్పకూడని అబద్ధం చెప్పాను... ఇంకెప్పుడూ చెప్పను!”

భర్త ఫోన్ తీసి స్పీకర్ పెట్టి డైరెక్టరుకి కలిపాడు. “తప్పు నాదేనండీ. మా ఆవిడ నా పొరపాట్లు దిద్దిన చోట్లన్నీ నేనే కత్తిరించేశాను” అన్నాడు. అవతలి మనిషి కాస్త మెత్తబడ్డాడు. “అయితే డౌటక్క ఉన్న పాఠాలే పంపించండి. మీ వీడియోలు చూసే మా పిల్లలకి ఆవిడే ఇష్టం కూడా” అన్నాడు.

ఫోన్ పెట్టేసి భర్త ఊపిరి పీల్చుకున్నాడు. “విన్నావుగా? పాతవే పంపేస్తాను. మళ్ళీ నీ ప్రశ్నలన్నీ ఉంటాయి. ఇంక కోపం తగ్గించుకో.”

“తగ్గదు,” అందామె. “పాతవి పంపడానికి వీల్లేదు. అందులో ఉన్నది నేను కాదు. నా కూతురు తలదించుకునేలా చేసిన ఆ పాఠాలు వేరే పిల్లలకి కూడా చూపిస్తారా? అన్నీ మళ్ళీ చేద్దాం. కానీ ఇకమీదట నేను అడగను. మీరు తప్పు చేస్తే తప్పని చెబుతాను. అది కొయ్యకూడదు. ఇష్టం లేకపోతే చెప్పండి, మీ పాఠాలు మీరు చేసుకోండి, నావి నేను చేసుకుంటాను. నాకు చేతకాదని మాత్రం అనుకోకండి.”

“పదిమంది ముందా?” అన్నాడతను నీరసంగా.

“పదిమంది ముందే.”

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ మందు డబ్బా మూత పెట్టుకుంటూ, “నన్నేం చూస్తావురా, కిటికీలకి దుప్పట్లు కట్టు” అంది.

ఆ మధ్యాహ్నమే మొదటి పాఠం మళ్ళీ మొదలైంది. ఫ్యాను ఆపారు. కూతురు వెనక మంచం మీద, కదలకుండా కూర్చుంటానని మాటిచ్చి మరీ కూర్చుంది. అతను నేల పెట్టాడు, కొలైడర్ తగిలించాడు, బొమ్మ పెట్టాడు, ఆట నడిపించాడు. ఆట నడుస్తుండగానే, అలవాటు ఎక్కడికి పోతుంది, అంకె మార్చేశాడు.

“తప్పు చేశారు” అంది ఆమె, మైకులోకి, స్పష్టంగా.

అతని చెయ్యి హెడ్‌ఫోన్స్ మీదికి వెళ్ళింది. మంచం మీద పిల్ల ఊపిరి బిగబట్టింది. ఆమె మాత్రం తెర వైపే చూస్తూ కూర్చుంది. బతిమాలలేదు, సర్దిచెప్పలేదు, నవ్వలేదు. విసిరితే విసరనీ... ఈసారి ఏరుకునేది లేదు!

అతని చెయ్యి కాసేపు అక్కడే ఉండి, మెల్లగా దిగివచ్చి మళ్ళీ మౌస్ మీద పడింది.

“ఎక్కడ?” అని అడిగాడు. “నాకు అర్థం కాలేదు.”