ఎవరూ పిలవని మనిషి

మునిమాపు వేళ! కారుమేఘాలు నగరాన్ని కబళిస్తున్నాయి... ఉరుము ఉరిమినప్పుడల్లా మూడో అంతస్తులోని ఆ ఇంటి కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఎదురు మేడ పిట్టగోడ మీద గుడ్లగూబ వికృతంగా కూసింది.

లోపల మంచం మీద సోలిపోయి ఉంది రిటైరైన నర్సమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. తుంటి విరిగాక నడక తగ్గింది. "నేనున్నాగా పిన్నీ!" అంటూ వచ్చి చేరాడు అక్క కొడుకు. ఉద్యోగం ఊడినవాడు, తాగుబోతు. ఆమె పెన్షనే వాడి బతుకు.

ముందు ఫోన్ పాడైందన్నాడు. తర్వాత కళ్ళజోడు దాచాడు. ఎవరొచ్చినా "పడుకుంది" అని గుమ్మంలోంచే పంపేశాడు. ఎదురు చెబితే చెయ్యి మెలిపెట్టేవాడు, అరిస్తే నోరు నొక్కేవాడు. చివరికి ఆమెకు కోపం రావడం కూడా మానేసింది. అలసట... అంతే.

వాడికి ఆ ఇల్లు కావాలి! క్షుద్రవిద్య నేర్పిన గురువు రహస్యం చెప్పాడు. ఎవరూ పిలవని మనిషి దేహంలోకి ప్రేతం అడ్డు లేకుండా ప్రవేశిస్తుంది. ఆపైన వాడు పలికించిందే పలుకుతుంది. 'ఇల్లు నా కొడుకులాంటి వీడిదే' అని అందరి ముందూ ఆమె నోటే అనిపించవచ్చు!

మంచం పక్కన భస్మవలయంలో వాడు, వాడి ముందు కపాలం. దాని నేత్రకుహరాల్లో నీలిజ్వాలలు!

"రా! ఈ దేహం నీది! దీనికి ఎవరూ లేరు!"

నర్సమ్మ కనుగుడ్లు తెల్లబడ్డాయి. ఆమె కృశించిన శరీరం మంచం మీంచి గాల్లోకి లేచింది! ఆ గొంతులోంచి మరో భీకర కంఠం...

"నిజంగా... ఎవరూ లేరా?"

"లేరు! ఎవ్వరూ లేరు!"

దబదబా తలుపు మోగింది.

"పెద్దమ్మా! కింద టైలర్ని! మీ బట్టలు కుట్టి ఎన్నాళ్ళైందో! ఎప్పుడొచ్చినా నిద్రేనా? కుంభకర్ణుడి మేనత్తా మీరు?"

"పడుకుంది! పో!" అరిచాడు వాడు.

"ఆవిడ పలికితేనే పోతా! పెద్దమ్మా!"

గాల్లో వేలాడుతున్న దేహం కంపించింది. ఎక్కడో అడుగునుంచి ఒక సన్నని స్వరం...

"ఆఁ... ఉన్నానమ్మా..."

ఆమె మంచం మీద పడిపోయింది. ప్రేతం పెళ్ళున నవ్వింది. ఇప్పుడా నవ్వు కపాలంలోంచి వస్తోంది!

"దీన్ని పిలిచేవాళ్ళున్నారు! మరి నిన్ను పిలిచేదెవరు?"

వాడికి ఒక్క ముఖమూ గుర్తుకు రాలేదు. నల్లని పొగ కాళ్ళను చుట్టేసింది.

"పిన్నీ! నన్ను పిలు! ఒక్కసారి పిలు పిన్నీ!"

ఆమె పెదవులు కదిలాయి. వాడి పేరు నాలుక చివరిదాకా వచ్చింది... ఇన్నాళ్ళూ నొక్కిపెట్టిన గొంతు పెగల్లేదు! వాడి ఆర్తనాదం ఇంటి కప్పును తాకి, పుటుక్కున తెగిపోయింది.

తలుపు బద్దలు కొట్టుకుని టైలరమ్మ, పక్కింటివాళ్ళు వచ్చేసరికి వలయంలో వాడు బిగుసుకుపోయి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు.

టైలరమ్మ ఆమెను పొదివి పట్టుకుంది. కమిలిన ముంజేతులు చూసి ఏడ్చేసింది.

"ఇంత జరుగుతుంటే ఒక్క కేకైనా వెయ్యలేదేం పెద్దమ్మా?"

నర్సమ్మ నేలమీది వాడివైపు చూసింది.

"కేకేస్తే... వీడు కూడా ఉండడని."