ముందు పెద్దామెను పలకరించాలి

1953. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో ఆకులన్నీ రాలిపోయి, మంచు మధ్యాహ్నం దాకా పొలాల మీంచి కదలని నవంబరు నెల.

ఆంబ్రోస్ టఫ్లీ మందుల షాపులో పనిచేసేవాడు. షాపు వెనక చీకటిగదిలో ఊళ్ళోవాళ్ళ ఫొటోలు కడిగేవాడు. పెళ్ళికూతుళ్ళు, చంటిపిల్లలు, సముద్రపు ఒడ్డున కుర్చీలేసుకుని కూర్చున్న ముసలమ్మలు. అవన్నీ కూటి కోసం. శనివారం మధ్యాహ్నాలు మాత్రం అతనివి. స్టాండూ, పెద్ద పెట్టె కెమెరా సైకిలుకి కట్టుకుని పాత చర్చీలనీ, కూలిన కోటలనీ వెతుక్కుంటూ పోయేవాడు. ఇరవై రెండేళ్ళు అలా తిరిగాడు. ఆ ఇరవై రెండేళ్ళలో జిల్లా ఫొటో సంఘం వాళ్ళ వెండి కప్పు అతనికి ఒక్కసారీ రాలేదు.

గిల్బర్ట్‌కి ఆరుసార్లు వచ్చింది.

గిల్బర్ట్ క్రంప్ రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చేవాడు. ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. గిల్బర్ట్ వెలుగు కొలవడు, గడియారం చూడడు. ఈల వేసుకుంటూ వెళ్ళి, ఏదో ఒకటి తీసుకొస్తాడు. అదేమో ప్రాణంతో ఉంటుంది. ఆంబ్రోస్‌ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వనిది కప్పు కాదు. అతని వంటింట్లో, పొయ్యి పక్క గోడకి, అతని భార్య హెస్టర్, గిల్బర్ట్ తీసిన ఫొటో ఒకటి తగిలించుకుంది.

లెడ్‌కోట్ చర్చిలోని సమాధి అది. ఆరువందల ఏళ్ళ నాటి తెల్లరాతి బొమ్మలు మూడు. మధ్యలో కవచం తొడుక్కున్న దొర. ఒక పక్క పెద్ద భార్య, ఇంకో పక్క చిన్న భార్య. చిన్నామెది చక్కని ముఖం. పెద్దామెకి ముఖం లేదు. నుదుటి నుంచి గడ్డం దాకా ఎవరో చెక్కేసినట్టు మొద్దుగా ఉంటుంది. ఫొటో కింది మూల పెన్సిలుతో గిల్బర్ట్ సంతకం, తోక తిప్పి.

"ఇంట్లో నేనుండగా ఊళ్ళోవాడి ఫొటో గోడకెందుకు?" అన్నాడు ఆంబ్రోస్ ఒకరోజు.

"నీవి మరీ శుభ్రంగా ఉంటాయి ఆంబ్రోస్. చూస్తే కాళ్ళు తుడుచుకోవాలనిపిస్తుంది," అంది హెస్టర్ నవ్వుతూ. "వీళ్ళు చూడు, కునుకు తీస్తున్నట్టున్నారు. పాలు పొంగితే లేచి చెప్తారేమో."

నవ్వితే ఆమె ఎడమ కనుబొమ పైకి లేస్తుంది. ఆ కనుబొమని సగానికి కోస్తూ చిన్న మచ్చ. చిన్నప్పుడు గేటు గడియ తగిలి పడింది. అతను ఆమెని మొదట చూసింది ఆ మచ్చ వల్లే.

ఆ వారం గిల్బర్ట్ టీకి వచ్చాడు. హెస్టర్ కేకులో పెద్ద ముక్క కోసి అతని పళ్ళెంలో పెట్టింది. ఆంబ్రోస్ అది చూశాడు. చూడనట్టు టీ కలుపుకున్నాడు.

"నేనూ లెడ్‌కోట్ వెళ్తున్నా శనివారం," అన్నాడు.

"వెళ్ళరా, వెళ్ళు. కానీ ముందు పెద్దామెను పలకరించు. తర్వాత చిన్నామెను. అక్కడ పద్ధతి అది. నేనైతే టోపీ తీసి, 'బావున్నారా అమ్మా' అన్నా."

"రాళ్ళతో కూడా సరసమేనా నీకు?"

"రాళ్ళతోనైనా మాట్లాడతాడు," అంది హెస్టర్. "నువ్వు మనుషులతోనూ మాట్లాడవుగా."

ఇద్దరూ నవ్వారు. ఆంబ్రోస్ కూడా నవ్వాడు.

*

చర్చి తాళంచెవి ఎదురింటి బెడోస్ ముసలమ్మ దగ్గరుంటుంది. తలుపు సగమే తెరిచి, పిండి చేతుల్ని నడుముగుడ్డకి తుడుచుకుని తాళంచెవి తీసింది. ఇవ్వకుండా పట్టుకుంది.

"పెద్దామెకి ముందు, చిన్నామెకి తర్వాత. మొక్కక్కర్లేదు నాయనా, పలకరిస్తే చాలు. మేం పూలు పెట్టినా రెండు జాడీలు పెడతాం. ఫొటో తీసినా ఇద్దరినీ తీయాలి."

"పెద్దామె ముఖం ఎప్పుడో సిపాయిలు పగలగొట్టారటగా?"

"సిపాయిలైతే ముగ్గురివీ పగలగొట్టేవాళ్ళు. ఒక్కామెదే ఎందుకు పగలగొడతారయ్యా?" ముసలమ్మ తాళం అతని చేతిలో పెట్టింది. "చిన్నామె శిల్పికి డబ్బులిచ్చి చెక్కించేసిందని మా అమ్మమ్మ చెప్పేది. ఆరువందల ఏళ్ళు మొగుడి పక్కన ముఖం లేకుండా పడుకోవడమంటే మాటలా?"

ఆంబ్రోస్ సరేనని తలూపాడు. లోపలికెళ్ళి ఎవరినీ పలకరించలేదు.

మధ్యాహ్నం మూడు కావొస్తోంది. చర్చిలో తడిరాయి వాసన, ఆర్పేసిన కొవ్వొత్తి వాసన. గాలికి తలుపు కొట్టుకుంటే స్టాండు అదురుతుందని లోపలి గడియ వేశాడు. కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని దాని వెనక అద్దంలో చూశాడు.

గిల్బర్ట్ ముగ్గుర్నీ తీశాడు. తను చిన్నామెనొక్కదాన్నే తీస్తాడు. ఆ చెంప, ఆ కనురెప్ప, చేతివేళ్ళు. అలా ఎవరూ తీయలేదు. కానీ చిన్నామె వెనక, దొర ఛాతీ మీదుగా పెద్దామె తల కనిపిస్తోంది. కిటికీ వెలుగు సరిగ్గా ఆ మొద్దు ముఖం మీద పడి తెల్లగా మెరుస్తోంది. స్టాండు అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఎటు జరిపినా అది అడ్డమే.

చివరికి మెడ మీది నల్లగుడ్డ తీసి పెద్దామెకి తల నుంచి నడుము దాకా కప్పేశాడు. వెనకంతా చీకటైపోయింది. చిన్నామె ఒక్కతే వెలుగులో మిగిలింది.

"హెస్టర్ ఇది చూడాలి," అనుకున్నాడు. లెన్సు మూత తీసి గడియారం చూశాడు. ఇరవై నిమిషాలు.

ఆ చీకట్లో, కెమెరాలో బొమ్మ పడే గాజు ప్లేటుకి అంత సమయం కావాలి. ఆ ఇరవై నిమిషాల్లో కెమెరా ముందు నుంచి ఊరంతా నడిచిపోయినా ప్లేటు మీద పడదు. కదలకుండా ఉన్నదే పడుతుంది. ఫొటోలు తీసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఆంబ్రోస్ సమాధికి వీపు పెట్టి, కెమెరా పక్క బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళ కింద రాయి చల్లదనం బూట్లలోంచి ఎక్కుతోంది. పైన ఎక్కడో పావురం ఒకసారి రెక్కలు కొట్టుకుని ఊరుకుంది.

ఐదు నిమిషాలు.

తొమ్మిది.

వెనక గుడ్డ జారిన చప్పుడు.

బరువైన గుడ్డ రాతి మీద మెల్లగా ఒరుసుకుంటూ పోయినట్టు. ఆంబ్రోస్ లేవబోయి ఆగాడు. ఇప్పుడు నడిస్తే నేల పలకలు కదులుతాయి. స్టాండు అదురుతుంది. ప్లేటు పాడైపోతుంది. ఇంకో పదకొండు నిమిషాలు... గుడ్డ కాస్త జారితే జారనీ.

తడిసిన ఉన్ని వాసన వచ్చింది.

"ఆమెనొక్కదాన్నేనా?"

ఆడగొంతు. గుసగుసగా, ముక్కు లేనివాళ్ళు మాట్లాడినట్టు గాలి ఎక్కువగా. బెడోస్ ముసలమ్మ తాళం కోసం వచ్చిందనుకున్నాడు. తల తిప్పలేదు. కళ్ళు గడియారం మీదే ఉన్నాయి.

"ఆమెనొక్కదాన్నే," అన్నాడు చిరాగ్గా.

"ఎందుకు?"

"ఆమెకి ముఖముంది కాబట్టి."

ఈసారి చెవికి ఇంకా దగ్గరగా...

"మీ ఇంట్లో ఆమెకో?"

"ఉంది," అన్నాడు ఆంబ్రోస్. "ఎందుకుండదు?"

అన్నాక గుర్తొచ్చింది. గడియ లోపల వేసి ఉంది.

వెనక్కి చూడాలి. చూడలేదు. చూస్తే కదలాలి. కదిలితే ఫొటో పోతుంది, మళ్ళీ గిల్బర్ట్ కప్పు ఎత్తుకుంటాడు, మళ్ళీ హెస్టర్ నవ్వుతుంది... పళ్ళు బిగించి కూర్చున్నాడు. పన్నెండు. పదిహేను. వెనకెవరో ఉన్నారు. ఊపిరి లేదు, కానీ ఉన్నారు. పంతొమ్మిది.

ఇరవై.

ముందు మూత పెట్టాడు. ఆ తర్వాతే వెనక్కి తిరిగాడు.

ఎవరూ లేరు. గడియ వేసినట్టే ఉంది. నల్లగుడ్డ పెద్దామె మీద కప్పినట్టే ఉంది. దాన్ని లాగేశాడు. కింద మొద్దు ముఖం అలాగే ఉంది. చెయ్యి తగిలింది... రాయి వెచ్చగా ఉంది.

*

ఆ రాత్రి షాపు చీకటిగదిలో ప్లేటు కడిగాడు. చిన్నామె నీళ్ళలోంచి మెల్లగా పైకి వచ్చింది. అలాంటి ఫొటో అతను జన్మలో తీయలేదు. చెంప మీద చెయ్యి పెడితే మెత్తగా ఉంటుందేమో అనిపించింది. వెనక చీకటిని భూతద్దంతో చూశాడు.

నల్లగుడ్డ చదునుగా పడి ఉంది. దాని కింద తల ఆకారం లేదు. భుజాలు లేవు. ఖాళీ రాతి పక్క మీద పరిచిన దుప్పటిలా ఉంది.

కదలకుండా ఉన్నదే ప్లేటు మీద పడుతుంది.

ఆంబ్రోస్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫొటో పోటీకి పంపొద్దంటారు. పంపాడు. డిసెంబరులో వెండి కప్పు అతనికొచ్చింది. గిల్బర్ట్ అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చాక హెస్టర్ గోడ మీది గిల్బర్ట్ ఫొటో తీసి బీరువా వెనక పెట్టి, ఆ మేకుకి ఆంబ్రోస్ ఫొటో తగిలించింది. దానికోసమే కదా అంతా.

"అందంగా ఉంది ఈవిడ," అంది. కాసేపు చూసింది. "వెనక ఈ నల్లటిదేంటి? ఎవరో పక్క మీంచి లేచిపోయినట్టుంది."

"నీడ," అన్నాడు.

క్రిస్మస్‌కి ముందు వాళ్ళ పెళ్ళి ఫొటోలో హెస్టర్ ముక్కు చివర తెల్లబడింది. తేమ అనుకున్నాడు. పండగయ్యేసరికి కళ్ళు పోయాయి. పాత ప్లేటు వెతికి ఫొటో మళ్ళీ ముద్రించాడు. ప్లేటులోనూ ముఖం లేదు. ఆమెని పెరట్లో నిలబెట్టి కొత్త ఫొటో తీశాడు. వెనక కోళ్ళగూడు, ఆమె స్వెట్టరు బొత్తాలు, జుట్టులో పిన్నులు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. ముఖం మాత్రం ఎవరో బొటనవేలితో తుడిచేసినట్టుంది.

"నన్నెందుకిన్నిసార్లు తీస్తున్నావ్? ఈ వయసులో ప్రేమ పుట్టుకొచ్చిందా?" అంది హెస్టర్. ఆమె నవ్వింది. కనుబొమ పైకి లేవలేదు.

జనవరిలో ఒక పొద్దున్న కుళాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

"ఆంబ్రోస్... నా ముఖం నాకు తెలియట్లేదు. నీళ్ళు పోసుకుంటే రాయి మీద పోసుకున్నట్టుంది."

డాక్టరు చలికి నరాలు పట్టేశాయన్నాడు. ఆంబ్రోస్ సైకిలెక్కి మంచులో లెడ్‌కోట్ వెళ్ళాడు. బెడోస్ ముసలమ్మ తలుపు కొట్టాడు.

"తాళం ఇవ్వమ్మా. పెద్దామెను పలకరించాలి. తప్పయిందని చెప్పాలి. ముఖం లేదని అన్నాను."

ముసలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"పెద్దామెకి ముఖం లేకపోవడమేంటయ్యా? నలభై ఏళ్ళుగా ఈ చేత్తో తుడుస్తున్నా. మా లెడ్‌కోట్‌లో అంత కళగల ముఖం ఇంకొకటి లేదు."

తనే చెప్పిన కథ ఆమెకి గుర్తే లేనట్టుంది. తాళం అతని ముందు పెట్టింది. ఆంబ్రోస్ చెయ్యి చాచలేకపోయాడు. ఎదురుగా చర్చి తలుపుంది, నలభై అడుగుల దూరంలో. సైకిలు తిప్పుకుని వచ్చేశాడు.

హెస్టర్ ఫిబ్రవరి పదకొండున, మధ్యాహ్నం టీ వేళకి పోయింది. నిద్రలోనే. శవపేటిక తెచ్చిన మనిషి గదిలోకెళ్ళి, వెంటనే బయటికొచ్చాడు. టోపీ చేతిలో నలుపుకున్నాడు.

"మూత వేసే ఉంచుదామండీ," అన్నాడు మెల్లగా. "అదే మంచిది."

ఖననమయ్యాక గిల్బర్ట్ వంటింట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఒరేయ్, ఆమె ఫొటో ఒకటివ్వరా. ఏదైనా సరే. ఏం రోగమో గానీ... కళ్ళు మూసుకుంటే ఆమె ముఖం గుర్తు రావట్లేదురా నాకు."

"నాకూ రావట్లేదు," అన్నాడు ఆంబ్రోస్.

ఇల్లంతా వెతికాడు. సొరుగులు, డబ్బాలు, పాత పుస్తకాల మధ్య. చివరికి బీరువా జరిపాడు. వెనక గోడకి ఆనించి గిల్బర్ట్ పాత ఫొటో ఉంది. దుమ్ము తుడిచి కిటికీ దగ్గరికి తెచ్చాడు.

మధ్యలో దొర. ఒక పక్క చిన్నామె. ఇంకో పక్క పెద్దామె. నుదురు, ముక్కు, పెదవులు, అన్నీ ఉన్నాయి. ఎడమ కనుబొమని సగానికి కోస్తూ చిన్న మచ్చ. ఆ కనుబొమ కాస్త పైకి లేచి ఉంది. ఎవరో సరదా మాట అంటే, అప్పుడే నవ్వబోతున్నట్టు.

ఇరవై ఆరేళ్ళ కాపురం తర్వాత హెస్టర్ ముఖం ఉన్న ఫొటో ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది. దాని కింది మూల గిల్బర్ట్ సంతకం ఉంది.