పైకి తెరిచే తలుపులు

"మా బండిలో అరలు చేసిందెవరండీ?"

జహీరాబాద్ బైపాస్ పక్కన విరూపాక్ష గారి బస్సుల బాడీ బిల్డింగ్ షెడ్డులో ప్లైవుడ్ కోస్తున్న వికాస్ మిషన్ ఆపి తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. చున్నీ అంతా వానకు తడిసిపోయింది. మొహంలో మాత్రం మే నెల ఎండ.

"నేనే మేడమ్. ఏమైంది?"

"ఏమైందా? మీరు పెట్టిన తలుపు మా అమ్మ నెత్తిమీద పడింది!"

ఆ అమ్మాయి పేరు నాగశ్రీ. తండ్రి ప్రసాదరావు ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. భార్యతో కలిసి దేశం తిరగాలని పాత మినీ బస్సు కొని, దాన్ని చక్రాల మీద ఇల్లులా చేయిస్తున్నాడు. మంచం, స్టవ్వు, సింకు, పైన వరసగా అరలు. లోపల ఇరుకు కాబట్టి అరల తలుపులు పక్కకి కాకుండా పైకి తెరుచుకుంటాయి. నిన్ననే బండిని ఇంటికి తీసుకెళ్ళి భార్యకు చూపించాడు.

"ఒక చేత్తోని తలుపు లేపి పట్టుకోవాలె, ఇంకో చేత్తోని సామాన్లు తియ్యాలె. సార్‌కు చెప్పిన గదా" అన్నాడు వికాస్ కాస్త విసుగ్గానే.

"మా అమ్మకి ఒక్క చెయ్యే లేస్తుంది."

షెడ్డు రేకుల మీద వాన హోరెత్తుతోంది. వికాస్ చేతిలోని ప్లైవుడ్ ముక్క కింద పెట్టాడు.

"క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తలేదు. నాన్న మీతో చెప్పలేదా?"

చెప్పలేదు. స్టవ్వు ఎక్కడుండాలో, కిటికీ ఎంత వెడల్పుండాలో అన్నీ చెప్పిన మనిషి ఈ ఒక్కటీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయాడో వికాస్‌కి అర్థమైంది.

"రేపు ఇంటికొస్త మేడమ్. మీరు ఫికర్ చెయ్యకున్రి."

మర్నాడు వెళ్ళి, నాగశ్రీ తల్లి వెంకటలక్ష్మిని బండిలో నిలబెట్టి, "అమ్మా, జర చెయ్యి లేపున్రి. ఎంతవరకైతే అంతే" అన్నాడు. ఆవిడ కుడిచెయ్యి ఎత్తింది, ఎడమ చెయ్యి ఎత్తబోయి ఆగిపోయింది. రెండుచోట్లా పెన్సిలుతో గీతలు పెట్టాడు.

"కొలతలు తీసుకుంటున్నాడే! జాకెట్టు కుడతావా ఏంటి బాబూ?" అని నవ్విందావిడ. నాగశ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి వికాస్ పెన్సిలు చెవి మీద పెట్టుకోబోయి కింద పడేసుకున్నాడు.

హైదరాబాద్ వెళ్ళి గ్యాస్ పంపులు తెచ్చాడు. కారు డిక్కీ తెరిస్తే పడకుండా నిలబెట్టే రాడ్లు ఉంటాయే, అలాంటివే, కొంచెం చిన్నవి. తలుపుకి రెండు వైపులా బిగించి గడియ తీశాడో లేదో, తలుపు ఎగిరి పైకప్పుకి ఠంగుమని కొట్టుకుంది.

నాగశ్రీ ఉలిక్కిపడి వెనక్కి దూకింది. "ఇది తలుపా, రాకెట్టా?"

"మెల్లగ అనున్రి మేడమ్, అమ్మ ఇంటది."

మూయడానికి ఆమె రెండు చేతులతో వేలాడింది. తలుపు కదల్లేదు. వికాస్‌కి నవ్వాగలేదు. ఆమె గుర్రుగా చూసింది, ఆ తర్వాత తనూ నవ్వేసింది.

ఆ పంపులు మార్చి తక్కువ బలమున్నవి తెచ్చాడు. వాటిని బిగించే క్లిప్పులు కాస్త ముందుకీ వెనక్కీ జరిపి, ప్రతిసారీ నాగశ్రీ చేత లాగించి చూసేవాడు. ఆమె టీ తెచ్చేది. టీ అయిపోయినా గ్లాసు కోసమని అక్కడే ఉండేది.

"అవునూ, నాలుగు తలుపులకి ఇన్నాళ్ళు పడుతుందా?"

"ఒక్క రోజు పని మేడమ్."

"మరి?"

వికాస్ స్క్రూ వైపే చూస్తూ, "రోజుకొక్కటే చేస్తున్న" అన్నాడు.

నాగశ్రీ గబుక్కున కిటికీ వైపు తిరిగి, బయట ఏదో ఉన్నట్టు వానలోకి చూసింది.

పని పూర్తయిన రోజు వెంకటలక్ష్మి గడియ తీసింది. తలుపు తనంతట తానే మెల్లగా లేచి నిలబడింది. ఆవిడ ఒక్క చేత్తో డబ్బా తీసి, మళ్ళీ పెట్టి, తలుపుకి వికాస్ వేలాడదీసిన బట్ట పట్టీ లాగింది. తలుపు మూసుకుంది.

"ఏవండీ, చూశారా!" అంటూ చిన్నపిల్లలా మళ్ళీ తెరిచింది. ప్రసాదరావు చూడకుండానే తల ఊపి, కళ్ళజోడు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

"మా బందరులో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది బాబూ. పడమటి సముద్రంలో కుంకడం నేను చూడలేదు. దసరా అవగానే గోకర్ణం. నువ్వూ రాకూడదూ? దారిలో స్క్రూలు ఊడితేనో?" అని, ఓరకంట కూతుర్ని చూసింది.

దసరాకి ముందే వెంకటలక్ష్మికి జ్వరం పట్టుకుంది. హైదరాబాద్ దవాఖానాలో చేర్పించారు. వికాస్ కోహీర్‌లోని తమ తోట నుంచి జామకాయలు పట్టుకెళ్ళాడు. ఆవిడ తినలేకపోయింది. ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, అలాగే పట్టుకుని నిద్రపోయింది.

ఆ వారం దాటలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ప్రసాదరావు ఫోన్ చేశాడు. "బండి అమ్మేద్దాం వికాస్. లోపల సామాన్లు అమ్మాయితో కలిసి తీసెయ్యి. నేను ఎక్కలేను."

నాగశ్రీ మొదటి అర గడియ తీసింది. తలుపు చప్పుడు లేకుండా లేచింది. లోపల అమ్మ సర్దిన డబ్బాలు వరసగా ఉన్నాయి. తలుపు పట్టుకోవాల్సిన పని లేదు. ఆమె రెండు చేతులూ మొహం మీదికి వెళ్ళాయి.

వికాస్ పక్కనే నిలబడ్డాడు. ఏడుపు కొంచెం నెమ్మదించాక అన్నాడు:

"ఇది చెప్పే యాళ్ళ కాదు. కానీ బండి పోతే ఈడికి రానీకె నాకింక పనుండదు. మీరంటే నాకిష్టం. జవాబు చెప్పకున్రి, ఇప్పుడే వద్దు."

"నాకు తెలుసు" అంది ఆమె. "నాకూ ఇష్టమే. కానీ ఏ మంచి జరిగినా ముందు అమ్మకే చెప్పేదాన్ని వికాస్. ఇది వెళ్ళి ఎవరికి చెప్పుకోను?"

ఆమె అరలోంచి ఒక డబ్బా తీసింది. వికాస్ దాన్ని అందుకున్నాడు.

సామాన్లు మోసుకుని ఇద్దరూ ఇంట్లోకి వచ్చేసరికి ప్రసాదరావు భోజనాల బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నాన్నా..." అంది నాగశ్రీ. వికాస్ వైపు చూసి, తల దించుకుంది.

ఆయన కూతురి ఉబ్బిన కళ్ళు చూశాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయిన వికాస్‌ని చూశాడు. నెమ్మదిగా, "ఇది ఇంకా ముగ్గురికే వండుతోందయ్యా" అన్నాడు. "బియ్యం పోసేటప్పుడు చెయ్యి ఆగదట. రోజూ అన్నం మిగిలిపోతోంది."

లేచి, ఖాళీగా ఉన్న కుర్చీని తనే వెనక్కి లాగాడు.

"అది అమ్మ కుర్చీ సార్..."

"తెలుసు. చేతులు కడుక్కుని రా."

వికాస్ పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు, మొహం కూడా కడుక్కున్నాడు. తిరిగి వచ్చేసరికి నాగశ్రీ మూడు కంచాల్లో అన్నం పెట్టింది. ముగ్గురూ కూర్చున్నారు గానీ ఎవరి చెయ్యీ కదల్లేదు.

చివరికి ప్రసాదరావే గరిటె తీసుకుని, ముందు అతని కంచంలో పప్పు వేశాడు.